కొత్త పాటను ఎవరు వినిపిస్తారు?

జనరంజనికి పోస్టుకార్డు రాసి, రేడియోలో మన పేరు, ఊరి పేరు చదువుతారేమోనని చెవులు రిక్కించి కూర్చున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. అయితే మనం కోరినవన్నీ అప్పటికే తెలిసిన పాటలు. ఎన్నడూ వినని పాటను, పేరే తెలియని గాయకులను మనకు ఎవరు పరిచయం చేస్తారు? బ్రిటన్‌లో 37 ఏళ్ళపాటు ఆ పని చేసిన ఒక రేడియో మనిషిని గురించి మా పాఠకులకు చెప్పాలనిపించింది.

ఆయన పేరు జాన్ పీల్. బి.బి.సి. వారి రేడియో వన్ 1967లో మొదలైనప్పటి నుండి, 2004లో కన్నుమూసేవరకు అందులోనే పనిచేశారు. రాత్రిపూట వచ్చే ఆయన కార్యక్రమంలో పేరున్నవారికన్నా ఎవరూ ఎరుగని బ్యాండ్లకే పెద్దపీట. (బ్యాండు అంటే మన పెళ్ళిళ్ళ మేళం అనుకునేరు! నలుగురైదుగురు కుర్రవాళ్ళు గిటార్లు, డ్రమ్ములు పట్టుకొని సొంతంగా పాటలు కట్టి పాడే జట్టును అక్కడ బ్యాండు అంటారు.) అలాంటి కుర్రవాళ్ళు తమ పాటలు క్యాసెట్టులో నింపి ఆయనకు పోస్టులో పంపేవారు. అవి గుట్టలుగా వచ్చిపడేవి. నచ్చినవారిని స్టూడియోకు పిలిపించి, ఒక్కరోజులో మూడు నాలుగు పాటలు రికార్డు చేయించి ప్రసారం చేసేవారు. అలా పాడించిన సందర్భాలు 4,000 పైమాటే. అప్పుడప్పుడు రికార్డును తప్పు వేగంతో తిప్పేవారు కూడా. శ్రోతలు దానికీ అలవాటుపడ్డారు.

1978లో ఉత్తర ఐర్లాండులోని డెర్రీ నుండి ఒక రికార్డు వచ్చింది. బాంబులు, సైనికుల గస్తీ మధ్య పెరిగిన ఐదుగురు కుర్రవాళ్ళు 'అండర్‌టోన్స్' అని పేరు పెట్టుకొని పాడిన 'టీనేజ్ కిక్స్' అది. దాన్ని విడుదల చేసింది బెల్‌ఫాస్టులోని ఒక చిన్న సంస్థ. పీల్ ఆ పాటను వెంటవెంటనే రెండుసార్లు వేశారు. రేడియోలో అది విన్న ఒక అమెరికా రికార్డు కంపెనీ యజమాని, ఆ కుర్రవాళ్ళతో ఒప్పందం రాయించుకోవడానికి డెర్రీకి మనిషిని పంపాడు. ఆ పాటలోని పంక్తి ఒకటి పీల్ సమాధిరాతిమీద చెక్కి ఉన్నది.

రేడియోలో వింటే చాలదు, ఎదుట కూర్చుని వినాలి. ఎక్కడ పాడుతున్నారో తెలిసేదెలా? ఎన్.ఎం.ఇ. వంటి వారపత్రికల్లో ఊరూరి కచేరీల పట్టిక ఉండేది. రికార్డుల షాపు గోడమీద కాగితాలు అంటించేవారు. అభిమానులు తామే రాసి, జిరాక్సు తీసి, కచేరీ గుమ్మం దగ్గర అమ్ముకొనే చిన్న పత్రికలూ ఉండేవి. అన్నిటికన్నా మంచి దారి, పెందలాడే వెళ్ళడం! అసలు జట్టుకు ముందు మరో కొత్త జట్టు పాడుతుంది. తెలిసినవారికోసం వెళ్ళినవాడు తెలియనివారి పాట వెంటబెట్టుకొని ఇంటికి వస్తాడు.

ఇప్పుడు ఆ పని ఫోను చేస్తున్నది. నిన్న విన్నదాన్నిబట్టి అలాంటిదే నేడు ముందు పెడుతుంది. మన పిల్లలకు పాటలు అందేదీ ఇలాగే. సులువే, కాదనము. కానీ నచ్చుతుందో లేదో తెలియని పాటను ధైర్యంగా రెండుసార్లు వేసే మనిషి అందులో లేడు. ఎన్.ఎం.ఇ. వారపత్రిక అచ్చు 2018లో ఆగిపోయింది. ఇక బ్రిటన్‌లో 2023 ఒక్క ఏడాదిలోనే 125 చిన్న కచేరీ స్థలాలు మూతపడడమో, పాటలు ఆపేయడమో జరిగింది. డెర్రీ కుర్రవాళ్ళవంటివారు మొదట పాడేది అలాంటి చోట్లనే.

అందుకు అక్కడి అభిమానులు ఊరుకోలేదు. తలా కొంత సొమ్ము వేసి వాటాలు కొన్నారు. ఆ డబ్బుతో మాంచెస్టరు దగ్గర ఆథర్టన్ అనే ఊళ్ళో 'ద స్నగ్' అనే కచేరీ స్థలాన్ని 2023లో మొట్టమొదటగా కొన్నారు. అందులో పట్టేది ఓ వందమంది.