పెద్దపల్లి వడ్లకు పెద్దపల్లి పేరు: స్థానిక ఉత్పత్తికి ఆదరణ పొలంలోనే మొదలు

స్థానికంగా తయారైన వస్తువులను ఆదరించాలన్న పిలుపు ఈ దేశానికి కొత్త కాదు. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి నాంది పలికిన రోజునే 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా పాటిస్తున్నారు. అయితే పిలుపు ఎంత బలమైనదైనా వినియోగదారుడు అభిమానంతో ఒకసారి కొంటాడు. రెండవసారి కొనేది నాణ్యత, ధర చూసుకున్న తరువాతనే. వ్యవసాయాధారిత ఉత్పత్తుల విషయంలో ఆ నాణ్యతలో అధిక భాగం కర్మాగారంలో కాక పొలంలో నిర్ణయమవుతుంది. అందుచేత స్థానిక ఉత్పత్తుల ప్రోత్సాహం వాణిజ్య శాఖల పని మాత్రమే కాదు, సేద్య విజ్ఞానానికీ విస్తరణకూ సంబంధించిన పని కూడా. పెద్దపల్లి జిల్లా వరి ఇందుకు చక్కని ఉదాహరణ.

పంట ఉంది, పేరు లేదు

2016 అక్టోబరు 11న పూర్వ కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ, దాని డి-83, డి-86 ఉపకాలువలు, చెరువులు, బావులు ఇక్కడి వరి సాగుకు ఆధారం. సుల్తానాబాద్, పెద్దపల్లి పరిసరాలలో పెద్ద సంఖ్యలో బియ్యం మిల్లులు వెలిశాయి. పంట, నీరు, మిల్లు, పనివారు అన్నీ ఒకేచోట ఉన్న ప్రాంతమిది.

అయినప్పటికీ ఇక్కడి వడ్లలో ప్రధాన భాగం కొనుగోలు కేంద్రాల ద్వారా సేకరణకు వెళ్ళి, మిల్లులలో కస్టమ్ మిల్లింగ్ జరిగి, బియ్యంగా గోదాములకు చేరుతుంది. కనీస మద్దతు ధర రైతుకు అందుతుంది. అది తక్కువ మేలు కాదు. కానీ ఆ బియ్యం తినే కుటుంబానికి అది ఏ ఊరి పంటో తెలియదు. మిల్లుకు దక్కేది ప్రధానంగా మర పట్టిన కూలి, తవుడు, నూక వంటి ఉపఉత్పత్తుల విలువ. వస్తువు ఈ జిల్లాలోనే తయారవుతున్నా, దానికి ఈ జిల్లా పేరు గానీ, ఈ జిల్లా కొనుగోలుదారు గానీ ఉండటం లేదు.

ఒకే కొనుగోలుదారుపై ఆధారపడితే

ఈ ఏర్పాటులోని బలహీనత 2021లో స్పష్టంగా బయటపడింది. ఉత్తర తెలంగాణలో యాసంగి వరి గింజ పాలుపోసుకొని గట్టిపడే దశ మార్చి, ఏప్రిల్ నెలల వేడిలో పడుతుంది. ఎండ తీవ్రత వల్ల గింజలో పిండిపదార్థం సరిగా పేరుకోక తెల్లని సుద్దమచ్చ ఏర్పడుతుంది. పగటి వేడికి తేమ కోల్పోయి, రాత్రి మంచుకు తిరిగి తేమ పీల్చుకునే గింజలో సన్నని పగుళ్ళు వస్తాయి. అటువంటి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువగా వస్తుంది. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి మర పడితే పిండిపదార్థం మెత్తబడి, పగుళ్ళు అతుక్కొని, గింజ గట్టిపడుతుంది. కనుకనే ఈ ప్రాంతపు మిల్లులు యాసంగి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చడానికి అలవాటుపడ్డాయి.

ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లు అప్పగించాలి. వాటిలో నూక పచ్చి బియ్యంలో 25 శాతం, ఉప్పుడు బియ్యంలో 16 శాతం మించరాదు. అంటే 67 కిలోల పచ్చి బియ్యంలో కనీసం 50 కిలోలైనా విరగని గింజ ఉండాలి. ఎండదెబ్బ తిన్న యాసంగి వడ్లకు ఈ గీత దాటడం కష్టం.

ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాలలోనే ఉత్పత్తి పెరిగి గిరాకీ తగ్గిందన్న కారణంతో, ఇకపై తెలంగాణ నుంచి ఉప్పుడు బియ్యం తీసుకోబోమని 2021లో కేంద్రం స్పష్టం చేసింది. దానితో 2021-22 యాసంగిలో వరి వేయవద్దని రాష్ట్ర ప్రభుత్వం రైతులకు సూచించవలసి వచ్చింది. చివరకు 2022 ఏప్రిల్‌లో యాసంగి వడ్లను తానే కొంటానని రాష్ట్రం ప్రకటించడంతో ఆ సీజను గట్టెక్కింది. ఆ వివాదంలో ఎవరి వాదన ఎంతవరకు సమంజసమన్నది వేరే చర్చ. స్థానిక పరిశ్రమ నేర్చుకోవలసిన పాఠం మాత్రం ఒకటే: ఒకే రకపు వస్తువు చేసి, ఒకే కొనుగోలుదారుకు అమ్మే జిల్లాకు తన భవిష్యత్తుపై తనకు అధికారం ఉండదు.

గింజ విరగకపోతేనే వ్యాపారం

బియ్యం మార్కెట్లో ధరను నిర్ణయించేది విరగని గింజ. ఇంటి అవసరానికి కొనేవారు సన్నగా, ఒకే పొడవుగా, నూక లేకుండా ఉన్న బియ్యాన్నే కోరుకుంటారు. ఇది రైతు చేతిలోనూ, రైతుకు సలహా ఇచ్చే శాస్త్రవేత్త చేతిలోనూ ఉన్న అంశం.

మొదటిది కాలం. వానాకాలం నాట్లు ఆలస్యమైతే ఆ ఆలస్యం యాసంగికి సంక్రమించి, గింజ కట్టే దశను నడివేసవిలోకి నెడుతుంది. వానాకాలంలో స్వల్ప, మధ్యకాలిక రకాలను ఎంచుకొని సకాలంలో కోస్తే యాసంగి నారు ముందుగా పోసుకోవచ్చు. మార్చి చివరకు గానీ ఏప్రిల్ తొలినాళ్ళకు గానీ కోతకు వచ్చే పంట ఎండ నుంచే కాక వడగళ్ళ నుంచి కూడా కొంత తప్పించుకుంటుంది.

రెండవది రకం. జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ ప్రాంతానికి ఇచ్చిన రకాలలో జగిత్యాల సన్నాలు (జె.జి.ఎల్. 1798) పేరుపొందినది. తెలంగాణ సోనా (ఆర్.ఎన్.ఆర్. 15048)గా ప్రసిద్ధమైన సన్నరకం ఎం.టి.యు. 1010, జె.జి.ఎల్. 3855ల సంకరం నుంచి రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రంలో రూపొందింది. అందులో సగం వారసత్వం జగిత్యాలదే. సుమారు 125 రోజుల కాలపరిమితి, అగ్గితెగులును తట్టుకునే గుణం, తక్కువ గ్లైసీమిక్ సూచిక దీనికి గుర్తింపు తెచ్చాయి. స్థానిక బియ్యానికి చెప్పుకోదగిన కథ కావాలంటే అది విత్తనంలోనే సిద్ధంగా ఉంది.

మూడవది కోత, ఆరబోత. కోతకు వారం, పది రోజుల ముందు నీరు తీసివేయడం, గింజలు దాదాపు 85 నుంచి 90 శాతం పండినప్పుడు 20-22 శాతం తేమ వద్ద కోయడం మంచిది. గింజ పూర్తిగా ఎండేవరకు చేనులోనే ఉంచితే పగుళ్ళు పెరుగుతాయి. కల్లంలో పలుచగా పరిచి, తరచు తిరగేస్తూ నిదానంగా ఆరబెట్టాలి. రాత్రి మంచుకు, వానకు తిరిగి తడవనీయరాదు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ చాలు. కానీ నిల్వ చేసి బియ్యంగా అమ్మదలచిన వడ్లు 14 శాతానికి మించి తేమతో ఉండరాదు. ఈ తేడాను రైతుకు వివరించడం విస్తరణ సిబ్బంది చేయదగిన అత్యంత ప్రయోజనకరమైన పనులలో ఒకటి.

పాత బియ్యం సమస్య

నాణ్యమైన వడ్లున్నా రైతులు, చిన్న సంఘాలు సొంతంగా బియ్యం అమ్మలేకపోవడానికి మరొక కారణముంది. తెలుగువారి ఇళ్ళలో పాత బియ్యానికే గిరాకీ. కొత్త బియ్యం వండితే ముద్దకడుతుంది. కనీసం ఆరు నెలలు నిల్వ ఉన్న ధాన్యపు బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది. పెట్టుబడి అప్పు తీర్చవలసిన రైతు ఆరు నెలలు ఆగలేడు. ఆగగలిగిన పెద్ద వ్యాపారి ఆ ధాన్యాన్ని కొని, తన ముద్ర వేసి, అదే జిల్లాలో పాత బియ్యంగా అమ్మగలడు.

అందువల్ల స్థానిక బియ్యం వ్యాపారానికి మొదట కావలసినది ఆకర్షణీయమైన సంచి కాదు. గోదాము, ఆరు నెలల నిర్వహణ మూలధనం. గోదాము రసీదుపై బ్యాంకు రుణం పొందే వెసులుబాటు ఉన్నా, ఒంటరి రైతుకు అది అందడం కష్టం. ఇక్కడే సంఘం అవసరమవుతుంది.

ముల్కనూరు చూపిన దారి

ఈ పనిని దశాబ్దాల క్రితమే చేసి చూపిన సంస్థ పూర్వ కరీంనగర్ జిల్లాలోనే ఉంది. ప్రస్తుతం హనుమకొండ జిల్లాలో ఉన్న భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో 14 గ్రామాలకు చెందిన 373 మంది సభ్యులతో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఆరంభమైంది. రుణం ఒకచోట, ఎరువు మరొకచోట, అమ్మకం ఇంకొకచోట అన్న పద్ధతిని అది మార్చింది. సభ్యుడికి అప్పు, విత్తనం, ఎరువు ఇచ్చిన సంఘమే పంటను కొంటుంది. అమ్మకపు సొమ్ములోంచే అప్పు జమ చేసుకుంటుంది. కొన్న పంటను సొంత మిల్లులలో ఆడిస్తుంది, విత్తనోత్పత్తి చేస్తుంది, నిత్యావసర వస్తువులు కూడా అమ్ముతుంది.

ఈ సంస్థ నేర్పేది రెండు విషయాలు. ఒకటి, అప్పును అమ్మకంతో ముడిపెట్టడం వల్ల సంఘానికి వసూలు భద్రత, రైతుకు నిరీక్షించే శక్తి కలిగాయి. రెండు, శుద్ధి చేసే యంత్రం పండించేవారి సొంతం కావడం వల్ల దానిపై వచ్చే లాభం గ్రామంలోనే తిరిగింది. ఆ నేలలోనే 2000 సంవత్సరంలో పరస్పర సహాయ సహకార చట్టం కింద మహిళా పాడి సహకార సంఘం మొదలై, ‘స్వకృషి’ పేరుతో పాలు, పాల పదార్థాలను వరంగల్, కరీంనగర్ ప్రాంతాల వినియోగదారులకు అందిస్తున్నది. దూరపు మహానగరాన్ని వెతకకుండా దగ్గరి పట్టణాలను నమ్ముకోవడం గమనించదగిన అంశం.

ఇంటి గిరాకీయే మొదటి మార్కెట్

పెద్దపల్లికి దగ్గరి మార్కెట్ జిల్లాలోపలే ఉంది. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం, గోదావరిఖని చుట్టూ సింగరేణి గనులు, 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఆర్‌ఎఫ్‌సీఎల్ యూరియా కర్మాగారం ఉన్నాయి. నెలజీతంపై జీవించే వేల కుటుంబాలు ప్రతి నెలా బియ్యం కొంటాయి. వీటికి తోడు క్యాంటీన్లు, వసతిగృహాలు, గురుకులాలు ఉన్నాయి. ఈ గిరాకీలో కొంత భాగమైనా జిల్లా రైతు సంఘాలకు దక్కితే ఆరంభదశ నష్టభయం చాలావరకు తొలగుతుంది.

జపాన్‌లో ‘చిసాన్ చిషో’ అనే మాట వాడుకలో ఉంది. స్థానికంగా పండినది స్థానికంగా తినడమని దాని భావం. ఆ దేశంలోని ఓయితా రాష్ట్రంలో 1979లో గవర్నర్ మొరిహికో హిరమత్సు ఆరంభించిన ‘ఒక గ్రామం - ఒక ఉత్పత్తి’ ఉద్యమం థాయ్‌లాండ్ వంటి దేశాలకు విస్తరించింది. అక్కడ సబ్సిడీ కన్నా స్థానికుల స్వయంకృషికి, మనుషుల శిక్షణకు ప్రాధాన్యమిచ్చారు.

తెలంగాణలో ఇటీవల జరిగిన మార్పును ఈ కోణంలో పరిశీలించవచ్చు. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు మద్దతు ధరపై క్వింటాలుకు రూ.500 బోనస్ ప్రకటించి, 2025 మార్చి 30న రేషన్ దుకాణాల ద్వారా మనిషికి 6 కిలోల సన్నబియ్యం పంపిణీకి రాష్ట్ర ప్రభుత్వం శ్రీకారం చుట్టింది. దొడ్డుబియ్యం తినక అమ్ముకునే కుటుంబాలు ఉండేవన్నది అందరూ ఎరిగినదే. రాష్ట్రంలో పండిన సన్నాలకు రాష్ట్రంలోని వంటగదులే మార్కెట్ కావడం పెద్ద మలుపు. దీని వ్యయభారం ఎంతకాలం మోయగలరన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. కానీ స్థానిక గిరాకీ రైతు రకం ఎంపికను మార్చగలదన్న సూత్రం మాత్రం విస్తరణ శాస్త్రవేత్తలు గుర్తుంచుకోదగినది.

నూక, తవుడు కూడా వస్తువులే

ఎంత జాగ్రత్త వహించినా కొంత నూక తప్పదు. దానిని నష్టంగా చూడనవసరం లేదు. ఉప్పుడు నూక ఇడ్లీ రవ్వకు, పచ్చి నూక బియ్యపు పిండికి పనికివస్తుంది. ఉత్తర తెలంగాణ ఇళ్ళలో సర్వపిండికి, మురుకులకు, సంక్రాంతి సకినాలకు బియ్యమే మూలం. పండుగకు ఇంటింటా చేసుకునే సకినాలను ఏడాది పొడవునా చేసి అమ్మే మహిళల వంటశాలలు పట్టణాలలో కనిపిస్తున్నాయి. వీటికి ఒకే తీరు పిండి, తాజా నూనె, తేమ చొరని ప్యాకింగ్, ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు అవసరం. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకం ఇటువంటి యూనిట్లకు పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రుణాధారిత రాయితీని, స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి రూ.40 వేల ప్రారంభ మూలధనాన్ని నిర్దేశించింది.

వడ్లలో సుమారు 8 శాతం తవుడు వస్తుంది. పచ్చి తవుడులోని లైపేజ్ ఎంజైము నూనెను కొద్ది గంటలలోనే చెడగొట్టడం మొదలుపెడుతుంది. ఉప్పుడు ప్రక్రియలోని ఆవిరి ఆ ఎంజైమును నశింపజేస్తుంది గనుక ఉప్పుడు మిల్లుల తవుడు నూనె తీయడానికి అనువైనది. పచ్చి తవుడుకైతే వెంటనే వేడి శుద్ధి అవసరం. ఊక మిల్లు బాయిలరుకు ఇంధనమవుతున్నది. ఒక్కొక్క మిల్లు విడివిడిగా చేయలేని విలువ జోడింపును సమీప మిల్లులు కలిసి చేయవచ్చు.

విశ్వవిద్యాలయం వంతు

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం సాంకేతిక ఆధారాలు సమకూర్చింది. నేల స్వభావం, గింజ నాణ్యత, వంట గుణం కొలిచి చూపగలిగినప్పుడే పేరుకు చట్టబలం చేకూరుతుందని ఆ అనుభవం నిరూపించింది.

పెద్దపల్లి బియ్యానికి వెంటనే అటువంటి గుర్తింపు కోరనక్కరలేదు. ముందుగా చేయవలసినవి చిన్న పనులు. పొలాస పరిశోధన స్థానం, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలో నాటు తేదీ, రకం, కోత తేమలను బట్టి విరగని బియ్యం శాతం ఎలా మారుతున్నదో రైతు పొలాలలో కొలవవచ్చు. దిగుబడితో పాటు ఈ శాతాన్ని కూడా ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో చేర్చవచ్చు. విద్యార్థుల గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఒక రైతు సంఘంతో ఒక మిల్లును జతచేసి, కొద్దిపాటి సన్నవడ్లను ఆరు నెలలు నిల్వ ఉంచి, గోదావరిఖని వినియోగదారులకు అమ్మి చూడవచ్చు. లాభనష్టాలను దాచకుండా లెక్కకట్టి రైతుల ముందుంచాలి.

ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు పండిందని అడగడం శాస్త్రవేత్తలకు అలవాటైన ప్రశ్న. ఆ క్వింటాలులో విరగని బియ్యం ఎంత, దానిని ఎవరు అమ్మారు, ఎవరు తిన్నారు అన్న ప్రశ్నలను కూడా దానికి జోడించిన నాడు పెద్దపల్లి సంచిపై పెద్దపల్లి పేరు నిలుస్తుంది.