రహస్యవాక్యం మరిస్తే... ఉత్తరానికి శాశ్వత తాళం!

ఈ-మెయిల్ దారిలో ఎవరి కంటా పడకుండా ప్రయాణించినా, సేవలందించే సంస్థ కంప్యూటరులో మాత్రం అది విప్పిన కవరే. పంపినవారు, అందుకున్నవారు తప్ప మూడో మనిషి చదవలేని విధంగా ఉత్తరాన్ని సంకేతలిపిలోకి మార్చే పీజీపీ సాఫ్ట్‌వేర్‌ను అమెరికాకు చెందిన ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో వెలువరించారు. అదే బాటలో జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ రూపొందించిన గ్నూపీజీ 1.0 వెర్షన్ 1999లో వచ్చింది. దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయితే సాఫ్ట్‌వేర్ అమర్చుకున్నంత మాత్రాన ఉత్తరాలు భద్రమనుకోవడం పొరపాటు.

ఈ విధానంలో ప్రతివారికీ రెండు తాళంచెవులుంటాయి. మొదటిది బహిరంగం. నిజానికి దానిని తాళంచెవి అనడం కన్నా తాళంకప్ప అనడమే సబబు. తెరిచి ఉన్న తాళంకప్పలను ఊరందరికీ పంచిపెడితే, ఉత్తరం రాసేవారు దానితో పెట్టె మూసి పంపుతారు. ఆ పెట్టెను తెరిచేది రెండోదైన రహస్య తాళంచెవి. అది యజమాని కంప్యూటరులో ఫైలు రూపంలో ఉంటుంది.

ఫైలు అన్నాక నకలు తీయడం క్షణాల పని. అందుకే దానికి రహస్యవాక్యం, అంటే పాస్‌ఫ్రేజ్, కాపలా ఉంటుంది. ఒకదానితో ఒకటి పొంతన లేని అయిదారు పదాలను కలిపి దీనిని కూర్చుకోవడం మేలు. అందరి నోళ్లలో నానే సామెతలు, పద్యపాదాలు పనికిరావు. బ్యాంకు ఖాతాలో మాదిరిగా ‘మరచిపోయారా?’ అని అడిగే బొత్తం ఇక్కడ ఉండదు, ఫోనుకు ఓటీపీ రాదు. మరచిపోతే సాఫ్ట్‌వేర్ రాసినవారు సైతం చేయగలిగిందేమీ లేదు. పాత ఉత్తరాలన్నీ మూతపడినట్టే.

ప్రతి ఉత్తరానికీ ఈ వాక్యాన్ని టైపు చేయడం విసుగు పుట్టించే పనే. అందుకని గ్నూపీజీ ఒకసారి చెప్పినదానిని కొంతసేపు గుర్తుంచుకుంటుంది. మామూలు అమరికలో చివరిసారి వాడిన తరువాత 10 నిమిషాల వరకు, వాడుతూనే ఉంటే గరిష్ఠంగా 2 గంటల వరకు మళ్లీ అడగదు. నలుగురు పంచుకునే కార్యాలయ కంప్యూటరులో ఈ సౌకర్యమే ముప్పు. యజమాని టీ తాగి వచ్చేలోగా పక్కవారు ఉత్తరాలు తెరవవచ్చు. ఈ గడువును తగ్గించుకోవచ్చు. లేచి వెళ్లేముందు ఏజెంటును రీలోడ్ చేస్తే అది గుర్తుంచుకున్నది చెరిగిపోతుంది. ఇక ఇంటర్నెట్ కేంద్రాల్లోని కంప్యూటర్లలో రహస్య తాళంచెవిని అసలు ఉంచరాదు.

థండర్‌బర్డ్ వాడేవారు మరో సంగతి గమనించాలి. గతంలో ఎనిగ్‌మెయిల్ అనే అనుబంధం ద్వారా అందిన ఈ వసతి, 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్‌లోనే అంతర్భాగమైంది. సాధారణ అమరికలో ఇది రహస్యవాక్యాన్ని పదేపదే అడగదు. తానే ఒక సంకేతపదాన్ని సృష్టించుకొని దానితో తాళంచెవిని కాపాడుతుంది. ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే ఆ సంకేతపదానికే రక్షణ ఉండదు. ప్రొఫైల్ ఫోల్డరు చేజిక్కినవారికి తాళంచెవి కూడా చేజిక్కినట్టే. అడగడం లేదు కనుక భద్రంగా ఉందనుకునేవారే ఇక్కడ మోసపోతారు.

రహస్యవాక్యం మరచినా, తాళంచెవి పోయినా మిత్రులు మాత్రం పాత తాళంకప్పతోనే ఉత్తరాలు మూసి పంపుతుంటారు. దీనిని ఆపడానికే రద్దు పత్రం ఉంది. 2014లో విడుదలైన 2.1 వెర్షన్ నుంచి గ్నూపీజీ కొత్త తాళంచెవితో పాటు దీనినీ తయారుచేసి పెడుతోంది. దీనిని ప్రయోగించడానికి రహస్యవాక్యం అవసరం లేదు. కనుక పరుల చేత పడితే వారే తాళంచెవిని రద్దు చేసేయగలరు. కాగితంపై ముద్రించి ఇంటి బీరువాలో, కంప్యూటరుకు దూరంగా ఉంచడం ఉత్తమం.