చూరునీళ్ల చప్పుడు

వానకు గొంతు ఒకటి కాదు సుమండీ! పెంకుల మీద ఒకటి, అరటాకు మీద మరొకటి. రేకుల మీద పడిందా, ఇంట్లో మాట ఇంట్లోవాళ్లకే వినపడదు.

మా ఆవిడ కాలం చేసిన ఏడాది నాకు నిద్ర కరువైంది. మాత్ర మింగినా సరే, తెల్లవార్లూ గోడగడియారం గంటలు లెక్కపెట్టడమే. వీధికుక్క మొరిగినా, లారీ హారను మోగినా గుండె ఝల్లుమనేది.

మృగశిర కార్తె వచ్చిన నాలుగో రాత్రి, ముందుగా మట్టివాసన గుప్పుమంది. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దానికి ‘పెట్రికోర్’ అని నామకరణం చేశారు. మన కనౌజ్‌వాళ్లు మాత్రం ఆ పేరుతో పనిలేకుండానే, ఆ వాసనను ఆవిరి పట్టి అత్తరుగా తరతరాల నుంచీ అమ్ముతున్నారు!

ఆ పైన వాన పట్టుకుంది. ఎడతెగని చప్పుడు చిల్లర చప్పుళ్లన్నిటినీ కప్పేస్తుందనీ, అందుకే మనస్సు ఉలికిపడడం మానుతుందనీ తెలిసినవాళ్లంటారు. నిజమే కాబోలు. కుక్కా లేదు, లారీ లేదు, ఆ పాడు గడియారమూ వినపడలేదు. వసారాలో చాప పరచుకుని, చూరునీళ్ల ధారలు చూస్తూ పడుకున్నాను. వాన సన్నగిల్లాక ధార తెగి బొట్లయింది. కింద పెట్టిన గంగాళంలో ఒక్కొక్కటే... ముప్పై దాకా లెక్కపెట్టినట్టు గుర్తు.

మర్నాడు కోడలు కాఫీ తెచ్చి లేపవలసివచ్చింది.