53 బైట్ల బేరం

టెలిఫోనులో మన మాట సెకనుకు 8,000 బైట్ల అంకెలుగా మారుతుంది. అదే లైనులో కంప్యూటరు సమాచారం కూడా పంపాలంటే ఒక చిక్కు ఉంది. సింగిల్ లైను మీద గూడ్సుబండి పోతుంటే వెనకున్న ఎక్స్‌ప్రెస్ ఆగవలసిందే కదా! సెకనుకు 8,000 బైట్లు మోసే లైనులో 1,500 బైట్ల ప్యాకెట్ పోవడానికి సుమారు 0.19 సెకను పడుతుంది. ఫైలుకు ఆ ఆలస్యం లెక్కలోనిది కాదు. సంభాషణ మాత్రం తెగుతుంది.

అందుకని ఇంజనీర్లు మాటనూ, సమాచారాన్నీ ఒకే కొలత ముక్కలుగా కోశారు. ఈ పద్ధతి పేరు ఏ.టి.ఎం. (డబ్బులిచ్చే యంత్రం కాదు సుమా!) ముక్క పేరు 'సెల్'. అందులో 48 బైట్లు సరుకు, 5 బైట్లు శీర్షిక. శీర్షికలో పూర్తి చిరునామా ఉండదు, దారి సంఖ్య ఉంటుంది. దారి ముందే నిర్ణయమై ఉంటుంది గనుక, స్విచ్చి ఆ సంఖ్యను తన పట్టికలో చూసి, తర్వాతి మజిలీకి కావలసిన సంఖ్య వేసి పంపేస్తుంది.

మరి 48 ఎక్కడిది? అమెరికావారు 64 కావాలన్నారు. సరుకు పెరిగితే శీర్షికల ఖర్చు తగ్గుతుంది. ఐరోపావారు 32 చాలన్నారు. మాటతో 64 బైట్లు నిండడానికి 8 మిల్లీసెకన్లు కావాలి, 32కైతే 4 చాలు. ఆలస్యం పెరిగితే మన గొంతే మనకు ప్రతిధ్వనిస్తుంది. దాన్ని అణచే పరికరాలు దూరాలెక్కువైన అమెరికాలో ఎలాగూ ఉన్నాయి. ఐరోపాలోని చిన్న దేశాలకు అది కొత్త ఖర్చు. 1980ల చివర బేరం సరిగ్గా మధ్యలో కుదిరింది!

తర్వాత లైన్ల వేగం పెరిగింది. సెకనుకు వంద కోట్ల బిట్లు మోసే లైనులో 1,500 బైట్ల ప్యాకెట్ 12 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. దాన్ని ముక్కలు కోయవలసిన పనే లేకపోయింది.