ఫ్రెంచివారి ఆంగ్లం – మాటలోని లయకు కొలత

పరభాషను అభ్యసించేవారికి పదాలు ముందుగా వస్తాయి, వ్యాకరణం పిమ్మట వస్తుంది, లయ మాత్రం చిట్టచివరకు గాని పట్టుబడదు. ఫ్రెంచి మాతృభాషగా గలవారు ఆంగ్లం మాట్లాడేటప్పుడు వాక్యంలో దోషం ఒక్కటీ లేకపోయినా, వినే ఆంగ్లేయుడు ఒక్కొక్కప్పుడు “ఏమన్నారు?” అని తిరిగి అడుగుతాడు. అందుకు గల కారణాలలో లయాభేదం ఒకటి. చెవికి తోచే ఈ భేదాన్ని అంకెలలో చూపగలమా?

1940లో లాయిడ్ జేమ్స్ అనే వేల్సు ధ్వనిశాస్త్రజ్ఞుడు కొన్ని భాషల లయను మరతుపాకి చప్పుడుతోను, కొన్నింటి లయను తంతివార్తల మోర్సు సంకేతాలతోను పోల్చాడు. 1945లో కెన్నెత్ పైక్ వీటికి శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఊనికకూ ఊనికకూ నడుమ కాలం సమానమైతే ఊనికలయ. అక్షరానికీ అక్షరానికీ కాలం సమానమైతే అక్షరలయ. ఇక్కడ అక్షరమంటే లిపిలోని గుర్తు కాదు, ఒక్క ఊపున పలికే ధ్వని సముదాయం. 1967లో అబర్‌క్రాంబీ తన గ్రంథంలో ఆంగ్లం, రష్యన్, అరబ్బీలను మొదటి వర్గంలోను, ఫ్రెంచి, యోరుబాలతో పాటు మన తెలుగును రెండవ వర్గంలోను చేర్చాడు.

ఈ విభజన చెవిపై ఆధారపడినదే. 1982లో పీటర్ రోచ్ ఈ ఆరు భాషల మాటలనే రికార్డు చేసి కాలాన్ని కొలిచి చూడగా, ఊనికల నడుమ గాని అక్షరాల నడుమ గాని చెప్పిన సమానత్వం కనబడలేదు. అయితే చెవి పొరపడినదా? పూర్తిగా కాదు. సమకాలం లేకపోయినా భేదం ఉన్నది. దాని మూలం వేరొకచోట ఉన్నదని మరుసటి ఏడు రెబెకా డౌయర్ వివరించింది. అక్షరాలలో హల్లులు ఎంత గుమిగూడుతాయి, ఊనిక లేని అచ్చు ఎంత కుదించుకుపోతుంది అన్నవే ఆ మూలాలు.

‘కంఫర్టబుల్’ అనే మాటను తీసుకొందాం. ఆంగ్లేయుడు మొదటి అక్షరంపై ఊనిక నిలిపి, తక్కినవాటిని నలిపివేసి, తరచు మూడక్షరాలలోనే ముగిస్తాడు. దాదాపు ఇదే మాట ఫ్రెంచిలోనూ ఉన్నది. అక్కడ ఏ అచ్చూ నలగదు, పదబంధం చివరి అక్షరం సాగుతుంది. ఆ అలవాటుతో ఆంగ్లం పలికినప్పుడు బలహీనం కావలసిన అచ్చులన్నీ నిండుగా వినబడతాయి. ఏది ముఖ్యమైన అక్షరమో శ్రోత వెతుక్కోవలసి వస్తుంది.

దీనిని కొలిచే పద్ధతులలో ఒకటి జంటల భేద సూచిక. అభ్యాసకుని మాటను రికార్డు చేసి, ఒక్కొక్క అచ్చు ఎన్ని మిల్లీసెకన్లు నిలిచినదో గుర్తించాలి. పక్కపక్కనున్న రెండు అచ్చుల భేదాన్ని ఆ రెండింటి సగటుతో భాగించి, అన్ని జంటల ఫలితాలకూ సగటు కట్టి, నూటితో గుణించాలి. ఉదాహరణకు 50, 150, 50, 150 అనే వరుసకు సూచిక 100. 90, 110, 90, 110 అనే వరుసకు 20 మాత్రమే. సగటుతో భాగించడం వల్ల వక్త వేగంగా మాట్లాడినా, మెల్లగా మాట్లాడినా ఫలితం అంతగా చెదరదు. 2002లో గ్రేబ్, లో అనే పరిశోధకులు ప్రకటించిన లెక్కలో బ్రిటిష్ ఆంగ్లానికి 57.2, ఫ్రెంచికి 43.5 వచ్చినవి. అయితే అవి భాషకు ఒక్కొక్క వక్తను మాత్రమే తీసుకొని వేసిన లెక్కలు.

ఫ్రెంచి అభ్యాసకుని ఆంగ్లం ఈ రెండింటి నడుమ ఎక్కడ నిలుస్తుందో, శిక్షణతో ఎటు జరుగుతుందో ఇట్లా చూడవచ్చు. వాక్యం మారితే అంకె కూడా మారుతుంది కనుక, అభ్యాసకుని చేతా ఆంగ్లేయుని చేతా ఒకే భాగాన్ని చదివించాలి. అంకె పెరిగినంత మాత్రాన మాట సుబోధమైనదనీ తలచరాదు. ఊనిక ఉండకూడని అచ్చును సాగదీసినా సూచిక పెరుగుతుంది!

మన ఛందస్సు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు కేటాయించినది. ఉర్దూ అరూజులోనూ హ్రస్వదీర్ఘాల లెక్క కలదు. తెలుగులో ‘కల’ వేరు, ‘కాల’ వేరు. దీర్ఘం అర్థాన్నే మారుస్తుంది. ఆంగ్లంలో అచ్చు నిడివి చాలావరకు ఊనికను అనుసరిస్తుంది. కాబట్టి తెలుగు మాటలలో సూచిక హెచ్చుగా వచ్చినా, అది ఊనికవల్ల వచ్చినదని చెప్పలేము. ఒకే అంకె రెండు భాషలలో రెండు వేర్వేరు కారణాలను దాచుకొనగలదు.

ఆంగ్లం నేర్చే ఫ్రెంచి విద్యార్థికి ఈ కొలతలు చెప్పేది ఒక్కటే: బలమైన అక్షరాన్ని గట్టిగా పలికితే చాలదు, బలహీనమైనదానిని వదలివేయడం కూడా నేర్వాలి. మనకూ ఆ పాఠం పనికివస్తుంది. కాని లయ భిన్నమైనంత మాత్రాన ఎవరి మాటా హీనం కాదు. కొలబద్ద చెవికి సాయపడడానికే గాని, వక్తను చిన్నబుచ్చడానికి కాదు.