ఇ.సి.జి. తీసేముందు చర్మం ఎందుకు తుడుస్తారు?

“ఈ చల్లటి జెల్ ఎందుకమ్మా? ఊరికే తీయకూడదా?” ఇ.సి.జి. గదిలో తరచుగా వినబడే ప్రశ్న ఇది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడుస్తుంటే విసుక్కునేవారూ ఉన్నారు. సంగతి తెలిస్తే ఆ విసుగు ఉండదు.

గుండెలో పుట్టే విద్యుత్ సంకేతం చర్మం మీదికి వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు సెల్లు వోల్టేజిలో 1500వ వంతన్నమాట! దాన్ని పెంచి చూపడానికి యంత్రంలో ఆపరేషనల్ యాంప్లిఫయర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. అది తాను కొలవవలసినదాన్ని తానే లాగేసుకోకూడదు. వీధి కుళాయి లైనుకు ఒకరు మోటారు బిగిస్తే పక్కింట్లో ధార సన్నబడదూ? అలా లాగకుండా అడ్డుకునే గుణాన్నే ఇన్‌పుట్ నిరోధం అంటారు.

పొడి చర్మానికీ ఎలక్ట్రోడుకూ మధ్య 50,000 ఓముల అడ్డు ఉందనుకోండి. చిప్పు నిరోధం కూడా అంతే అయితే సంకేతంలో సగం దారిలోనే పోతుంది. అదే కోటి ఓములైతే పోయేది నూటికి అర వంతే. 1968లో వచ్చిన పేరుమోసిన 741 చిప్పుకు సుమారు 20 లక్షల ఓములు. తరువాత వచ్చిన ఎఫ్.ఇ.టి. రకాలకు లక్ష కోట్ల ఓములు!

1903లో ఐంతోవెన్ అనే డచ్చి వైద్యుడు తన ఇ.సి.జి. యంత్రాన్ని లోకానికి చూపినప్పుడు ఈ సౌకర్యం లేదు. ఆయన యంత్రం నడిచే కరెంటు రోగి ఒంటినుంచే రావాలి. అందుకే రోగి రెండు చేతులూ, ఎడమకాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చునేవాడు. ఆ కృషికి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

రక్తం ఆమ్లగుణాన్ని కొలిచే గాజు ఎలక్ట్రోడుకు ఇంకా పెద్ద చిక్కు. దాని సొంత నిరోధమే పది కోట్ల ఓములు ఉండవచ్చు. 20 లక్షల ఓముల పరికరంతో కొలిస్తే నూటికి రెండు వంతులే అందుతాయి. అలాంటి ఎలక్ట్రోడుతోనే పనిచేసే పి.హెచ్. మీటర్లను మల్కాజ్‌గిరికి దగ్గర్లోనే, 1967లో మొదలైన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసేది. ఎ.ఎస్.రావు నగర్‌కు పేరిచ్చిన డాక్టర్ ఎ.ఎస్.రావు గారే ఆ సంస్థకు తొలి సారథి.

చిప్పు ఇంత మంచిదైనప్పుడు జెల్ ఎందుకు? గదిలోని కరెంటు తీగల ప్రభావం మన ఒంటిమీద ఎప్పుడూ కొంత పడుతూనే ఉంటుంది. యంత్రం రెండు చోట్ల కొలిచి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది కాబట్టి రెంటిలోనూ సమానంగా ఉన్నది రద్దవుతుంది. ఒక ఎలక్ట్రోడు బాగా అతుక్కుని, ఇంకోటి సరిగా అతుక్కోకపోతే అది పూర్తిగా రద్దుకాదు. సెకనుకు 50 సార్లు వణికే గీత కాగితం మీదికి వస్తుంది. డాక్టరుగారు చూడవలసిన చిన్న మార్పులు ఆ వణుకులో దాగిపోవచ్చు.

ఇ.సి.జి. ఉన్నరోజు ఛాతీకి, చేతులకు, కాళ్లకు కొబ్బరినూనె, పౌడరు రాసుకోకండి. అవసరమైతే వెంట్రుకలు కాస్త తీస్తారు, అభ్యంతరపెట్టకండి. తీసేటప్పుడు మాట్లాడకుండా, కదలకుండా పడుకోండి. అయితే ఛాతీనొప్పి వచ్చినప్పుడు మాత్రం స్నానం చేసి వద్దామని ఆగవద్దు. ఒంటిమీద నూనె ఉంటే ఆసుపత్రిలోనే తుడుస్తారు, వెంటనే బయలుదేరండి.