వేట విరామంలో బోటుకు రిపేరా? ముందు ఇది చదవండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. మనుబోలుకు తూర్పున ముత్తుకూరు, చిల్లకూరు తీరాల్లో బోట్లు గట్టెక్కేది, రిపేర్లు జరిగేది ఈ రోజుల్లోనే. మత్స్యకార సేవలో పథకం కింద రూ.20,000 భృతికి సర్వే జరిగేదీ ఈ కాలంలోనే. 2025కు ముందు ఇది రూ.10,000 ఉండేది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం పడకూడదనే ఈ నాలుగు మాటలు.

రిపేరు చేస్తే భృతి పోతుందా?

పోదు. పగులు పూడ్చుకోవచ్చు, అడుగు గట్టి చేసుకోవచ్చు, ఇంజిన్ బిగించే వెనక పలక మార్చుకోవచ్చు. కానీ బోటు పొడవు పెంచినా, ఇంజిన్ మార్చినా అది రిజిస్ట్రేషన్ కాగితంలోకి ఎక్కాలి. సర్వేకు వచ్చినవాళ్లు చూసేది మీ బోటును, మీ కాగితాన్ని పక్కపక్కన పెట్టి. కాబట్టి మార్పు చేయకముందే సచివాలయంలోని గ్రామ మత్స్య సహాయకుడికి చెప్పండి, పాత సర్టిఫికెట్ తీసుకెళ్లండి.

ఇంకో సంగతి. కొత్త రంగు వేసేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు కింద పడిపోతుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ, నంబరు లేని బోటు ఎవరిదని చెప్పాలి? రంగు వేయకముందు నంబరు కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రంగు ఆరగానే నంబరు మళ్లీ రాయించండి.

ఫైబర్ బోటుకు బలం

పగులు మీద పైపైన మ్యాట్ అంటిస్తే ఒక సీజన్ కూడా ఆగదు. పాత రంగు, వదులైన ఫైబర్ పోయేదాకా రుద్దాలి. పగులు చుట్టూ అంచులు ఏటవాలుగా దిగేలా అరగదీయాలి. ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వాలి. తడి ఉంటే రెజిన్ పట్టదు. మ్యాట్ ఒక పొర చిన్నది, దాని మీద పొర ఇంకాస్త పెద్దది, ఇలా వేసుకుంటూ రావాలి. మే ఎండల్లో రెజిన్ డబ్బాలోనే గట్టిపడుతుంది. పొద్దున్నే నీడలో, కొంచెం కొంచెం కలుపుకోండి. హార్డెనర్ సాధారణంగా కిలోకు 10 నుంచి 20 గ్రాములు చాలు. డబ్బా మీద రాసిందే లెక్క.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా: కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను నేరుగా కలపొద్దు. మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. అది కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, బీడీ ముట్టించకండి.

అల్యూమినియం బోటైతే

మన దగ్గర ఇవి తక్కువ. ఉన్నవాళ్లు ఇత్తడి, రాగి బోల్టులు వాడొద్దు. ఉప్పునీళ్లలో ఆ చోట అల్యూమినియాన్ని తినేస్తాయి. స్టీలు బోల్టు తప్పదంటే మధ్యలో ప్లాస్టిక్ వాషరు వేయండి. రాగి కలిసిన అడుగు రంగు కూడా పనికిరాదు. పగులు అతకడానికి ఇనుము అతికే మామూలు వెల్డింగ్ కాదు, ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్ తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఇంట్లో చేయకూడనిది

అంచులు ఎత్తు చేయడం, పైన బరువు కట్టడం, పాత పలక మీదే పెద్ద ఇంజిన్ ఎక్కించడం. బరువు పైకి పోయేకొద్దీ బోటు త్వరగా ఒరుగుతుంది. అది గట్టు మీద తెలియదు, అలల్లో తెలుస్తుంది. ఈ పనులు బోటు కట్టే మేస్త్రీకే వదలండి.

సర్వే రోజు బోటు రేవులోనే ఉండాలి. రిపేరుకు వేరే ఊరు తీసుకెళ్లాల్సి వస్తే ముందే మత్స్య సహాయకుడికి తెలియజేయండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, బోటు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.